అమ్మ ఎందుకు తినడం లేదు?



ఉదయం ఐదు గంటలకే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. నల్గొండ వైపు నుంచి వచ్చి ఎల్.బి.నగర్‌లో స్థిరపడిన కుటుంబం అది. ఇంటి పెద్దావిడకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా వారానికి ఐదు రోజులు కిరణ చికిత్స. వారంలో ఒకరోజు సెలైన్‌తో పాటు మందు కూడా ఎక్కిస్తారు. కోడలు చీకటితోనే లేచి అత్తగారికి ఇష్టమైన నాటుకోడి కూర వండి, జొన్నరొట్టెలు చేసి, టిఫిన్ డబ్బా సర్దుతుంది. కొడుకు తల్లిని తీసుకుని ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కుతాడు. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి లక్డీకాపూల్‌లో దిగి ఆసుపత్రికి చేరుకుంటారు. "కడుపు ఖాళీగ ఉంటే నీరసం వస్తది, రెండు ముద్దలు తినమ్మా" అని అక్కడి బెంచీ మీదనే తినిపిస్తాడు. ఆ తర్వాత చికిత్స. ఇంటికి చేరేసరికి ఆమెకు వికారం, ఒక్కొక్కసారి వాంతి.

మొదటి వారం ఎలాగో గడిచింది. మూడో వారానికి డబ్బా మూత తీయగానే ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. "వద్దు బిడ్డా, ఆ వాసనే పడ్తలేదు" అన్నది. నాలుగో వారానికి ఇంట్లో కోడికూర ఉడుకుతుంటేనే లేచి వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. అయితే సాయంత్రం పక్కింటివాళ్ళు తెచ్చిన ఇడ్లీలు మాత్రం రెండు తిన్నది. కోడలు వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నేను పొద్దున లేచి వండితే ముట్టదు, పక్కింటోళ్ళు తెస్తే తింటది" అని భర్తతో అన్నది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

ఇది ఫలానా ఇంటి కథ అని చెప్పడానికి లేదు. పేర్లు మార్చి, కూర మార్చి చెప్పుకుంటే ఎన్నో ఇళ్ళకు సరిపోతుంది. అత్త మొండితనం చేస్తోందని కోడలు అనుకుంటుంది. కోడలు తనను అర్థం చేసుకోవడం లేదని అత్త అనుకుంటుంది. నిజానికి ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. అక్కడ జరిగినదాన్ని శాస్త్రజ్ఞులు 1955 నుంచి పరిశోధిస్తూ వచ్చారు. ఈ వారం పాఠంలో దానిని గూర్చి తెలుసుకుందాం.

మనకు తెలిసిన వెగటు

మొదట మన అనుభవంలోనివే రెండు సంగతులు తలచుకుందాం. గుణదల మాత పండుగకు బస్సులో బయలుదేరతాం. దారిలో పులిహోర తింటాం. బస్సు కుదుపులకు కడుపులో తిప్పి వాంతి అవుతుంది. పులిహోర చెడిపోలేదనీ, తప్పంతా బస్సు కుదుపుదేననీ మనకు బాగా తెలుసు. అయినా ఆ తర్వాత చాలాకాలం పులిహోర చూస్తే నోరు తిరగదు. అలాగే వేవిళ్ళ రోజుల్లో ఏదో ఒక కూర తిని వాంతి చేసుకున్న తల్లి, బిడ్డ పుట్టి నడక నేర్చాక కూడా ఆ కూర ముట్టకపోవడం మనం చూస్తూనే ఉంటాం.

దీనినే మన భాషలో వెగటు అంటాం. ఇది పుట్టుకతో వచ్చినది కాదు. కాకరకాయ చేదు చిన్నపిల్లవాడికి మొదటి నుంచీ నచ్చకపోవచ్చు, అది వేరు. నిన్నటిదాకా ఇష్టమైన రుచి ఒక జబ్బుతో ముడిపడి ఇవాళ అసహ్యమైపోతే, దానిని నేర్చుకున్న వెగటు అనాలి. ఇక్కడ పాఠం నేర్చుకున్నది మన బుద్ధి కాదు, మన శరీరం. ఈ తేడా గుర్తుంచుకుంటే మిగిలిన పాఠమంతా తేలికగా అర్థమవుతుంది.

రైతుకు తెలిసిన ఎలుక

పొలం చేసిన కుటుంబాలకు ఇంకొక ఉదాహరణ తెలుసు. వరి మడిలో ఎలుకలకు జింక్ ఫాస్ఫైడ్ మందు పెట్టేముందు, ఒకటి రెండు రోజులు మందు కలపని నూకలు పెట్టి అలవాటు చేస్తారు. ఎందుకంటే ఎలుక కొత్త తిండిని ఒక్కసారిగా తినదు. కొంచెం కొరికి చూస్తుంది. ఒంట్లో బాగుంటే మళ్ళీ వస్తుంది. బాధ కలిగి బ్రతికి బయటపడితే మాత్రం ఆ రుచి జోలికి మళ్ళీ పోదు. అందుకనే రోజుల తర్వాత గాని పనిచేయని బ్రోమడయోలోన్ వంటి మందులు వాడుకలోకి వచ్చాయి. తిన్న తిండికీ వచ్చిన బాధకూ మధ్య అన్ని రోజులు గడిస్తే ఎలుక ఆ రెంటినీ ముడిపెట్టుకోలేదు.

ఆలోచిస్తే ఇది ప్రాణికి గొప్ప రక్షణ. వాంతి చేసుకోలేని జంతువు ఎలుక. విషాన్ని కక్కలేదు కనుక, దానిని మరచిపోకుండా ఉండడమే దానికి కాపుదల. మనిషి శరీరంలోనూ ఈ కాపుదల ఉంది. కిరణ చికిత్స సమయంలో అది చేసే పొరపాటే మన ప్రస్తుత విషయం.

1955: ప్లాస్టిక్ సీసా నేర్పిన పాఠం

1945లో హిరోషిమా, నాగసాకిల మీద అణుబాంబులు పడిన తర్వాత, రేడియేషన్ ప్రాణులకు ఏమి చేస్తుందో తెలుసుకోవాలని అనేక ప్రయోగశాలలు పనిచేశాయి. అమెరికా నౌకాదళానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో అటువంటి ప్రయోగశాల ఒకటి ఉండేది. అక్కడ పనిచేసిన జాన్ గార్సియా, స్పెయిన్ నుంచి వలస వచ్చిన వ్యవసాయ కూలీల కుటుంబంలో 1917లో పుట్టినవాడు.

ఆయన ఎలుకలను గామా కిరణాల గదిలో పెట్టి చూసేవాడు. ఒక చిత్రమైన సంగతి ఆయన కంటపడింది. ఆ గదిలో పెట్టిన ఎలుకలు వారం వారానికీ నీళ్ళు తక్కువ తాగుతున్నాయి. అవే ఎలుకలు తమ సొంత బోనుల్లోకి తిరిగి వెళ్ళాక మామూలుగా తాగుతున్నాయి. రెండు చోట్లా అవే నీళ్ళు. తేడా ఎక్కడుందని వెతికితే అది సీసాలో కనిపించింది. బోనులో గాజు సీసా, కిరణాల గదిలో ప్లాస్టిక్ సీసా. ప్లాస్టిక్ వలన నీళ్ళకు కొంచెం రుచి అంటుతుంది. ఆ రుచినే ఎలుకలు కిరణాల బాధతో ముడిపెట్టుకున్నాయా అని గార్సియాకు అనుమానం వచ్చింది.

అనుమానం తీర్చుకోవడానికి ఆయన, డొనాల్డ్ కిమెల్‌డార్ఫ్, రాబర్ట్ కెల్లింగ్ కలిసి ఒక ప్రయోగం చేశారు. ఎలుకలకు తీపి అంటే ఇష్టం. శాక్రిన్ కలిపిన తియ్యటి నీళ్ళు తాగనిస్తూ, ఆరు గంటల సేపు స్వల్ప మోతాదులో గామా కిరణాలు ప్రసరింపజేశారు. కొన్నిటికి 30 రాంట్‌జెన్లు, కొన్నిటికి 57. ప్రాణం తీసే మోతాదుతో పోలిస్తే ఇది చాలా చిన్నది. తర్వాత మామూలు నీళ్ళు, తియ్యటి నీళ్ళు రెండూ పక్కపక్కన పెడితే, కిరణాలు సోకిన ఎలుకలు తీపిని వదిలి మామూలు నీళ్ళ దగ్గరకు వెళ్ళాయి. మోతాదు పెరిగినకొద్దీ వెగటూ పెరిగింది. ఒక్క అనుభవంతో పుట్టిన ఆ వెగటు వారాల తరబడి నిలిచింది. ఈ ఫలితాలు 1955లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి.

మన నగరంలో రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రి, ఇప్పుడు ఎం.ఎన్.జె. అని అందరూ పిలిచేది, మెహదీ నవాజ్ జంగ్ చొరవతో మొదలైనది కూడా 1955లోనే. ఒకచోట కిరణాలతో రోగులకు చికిత్స చేసే ఆసుపత్రి వెలిసింది. ఇంకొకచోట ఆ కిరణాలు నాలుకకు ఏమి నేర్పుతాయో బయటపడింది. ఆ రెండో సంగతి మాత్రం మన వంటిళ్ళకు ఇంకా పూర్తిగా చేరలేదు.

నింద రుచి మీదనే ఎందుకు?

కిరణం సోకినప్పుడు ఎలుక చుట్టూ గది ఉంది, వెలుతురు ఉంది, చప్పుళ్ళు ఉన్నాయి. అవన్నీ వదిలి నింద రుచి మీదనే ఎందుకు పడాలి? 1966లో గార్సియా, కెల్లింగ్ దీనికి సమాధానం వెతికారు. ఎలుక నీళ్ళు నాకిన ప్రతిసారీ దీపం వెలిగి, టక్కుమని చప్పుడు అయ్యేలా ఒక ఏర్పాటు చేశారు. నీళ్ళలో తీపి కూడా కలిపారు. కొన్ని ఎలుకలకు కాళ్ళకు కరెంటు షాకు ఇచ్చారు. కొన్నిటికి ఎక్స్‌రే కిరణాలతోనో, లిథియం క్లోరైడ్ అనే మందుతోనో వికారం కలిగించారు.

ఫలితం స్పష్టంగా తేలింది. షాకు తగిలిన ఎలుకలు వెలుతురుకూ చప్పుడుకూ భయపడ్డాయి గాని తీపిని మానలేదు. వికారం కలిగిన ఎలుకలు తీపిని మానాయి గాని వెలుతురునూ చప్పుడునూ లెక్కచేయలేదు. అంటే ఒంటి మీద దెబ్బకు కారణం కంటికీ చెవికీ తెలిసినవాటిలో వెతకాలనీ, కడుపులో బాధకు కారణం నాలుకకు తెలిసినవాటిలో వెతకాలనీ ప్రాణి శరీరం ముందే నిర్ణయించుకుని ఉంది.

రెండో చిత్రం కాలానికి సంబంధించినది. గంట మోగగానే కుక్కకు నోరూరే పావ్‌లోవ్ ప్రయోగం మన పిల్లలు బడిలో చదువుకుంటారు. గంటకూ తిండికీ మధ్య వ్యవధి క్షణాల్లో ఉంటేనే ఆ ముడి పడుతుందని పండితుల నమ్మకం. అయితే 1967లో స్మిత్, రోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకలకు తియ్యటి నీళ్ళు ఇచ్చి, గంటలు గడిచిన తర్వాత ఎక్స్‌రే కిరణాలు ఇచ్చారు. పన్నెండు గంటల ఎడం ఉన్నా కొంత వెగటు కనిపించింది. ఒక రోజు ఎడం ఇస్తే కనిపించలేదు. అదే ఇద్దరు 1972లో ఇంకొక ప్రయోగం ప్రకటించారు. తియ్యటి నీళ్ళు తాగిన తర్వాత ఎలుకలకు మత్తు ఇచ్చి, అవి స్పృహలో లేనప్పుడు కిరణాలు ప్రసరింపజేశారు. అయినా వెగటు పుట్టింది.

ఇవన్నీ మొదట్లో ఎవరూ నమ్మలేదు. పెద్ద పత్రికలు గార్సియా వ్యాసాలను తిప్పి పంపాయి. బొమ్మ గడియారంలోని పక్షి రెట్ట వేసిందంటే ఎంత నమ్మవచ్చో ఇదీ అంతే నమ్మవచ్చని ఒకరు ఎగతాళి చేశారట. ఆయన తన డాక్టరేటు పట్టా అందుకున్నది 1965లో, నలభై ఎనిమిదో ఏట. 1983లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. 2012లో ఆయన మరణించేనాటికి ఈ సంగతి మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకాలన్నిటిలో ఉంది.

కిరణం నుంచి నాలుక దాకా

ఇక మనిషి శరీరంలో ఏమి జరుగుతుందో చూద్దాం. కిరణం చిన్నప్రేగుల లోపలి పొరకు తగిలినప్పుడు అక్కడి కణాలు కొన్ని దెబ్బతిని సెరటోనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది కడుపు నుంచి మెదడుకు వెళ్ళే వేగస్ నరాన్ని రేపుతుంది. ఆ కబురు మెదడు అడుగుభాగానికి చేరి వికారం పుడుతుంది. అదేచోట, రక్తంలో విషం ఉందా అని కనిపెట్టి ఉండే ఒక చిన్న భాగం ఉంది. దానిని ఏరియా పోస్ట్రీమా అంటారు. 1965లో చేసిన ఒక ప్రయోగంలో రెండు ఎలుకల రక్తప్రసారాన్ని కలిపి, ఒకదానికి మాత్రమే కిరణాలు ఇస్తే, కిరణాలు సోకని రెండో ఎలుకకు కూడా వెగటు పుట్టింది. కబురు రక్తం ద్వారా కూడా ప్రయాణిస్తుందని దానివలన తెలిసింది.

నాలుక నుంచి వచ్చే రుచి కబుర్లూ, కడుపు నుంచి వచ్చే కబుర్లూ మెదడు అడుగుభాగంలో దాదాపు ఒకే గడపలోకి వస్తాయి. అందుకే ఆ రెంటి మధ్య అంత తొందరగా ముడి పడుతుంది. కిరణానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అది ఒంట్లోకి దూరినట్టు కూడా మనకు తెలియదు. శరీరానికి తెలిసిందల్లా కడుపులో బాధ వచ్చిందని మాత్రమే. ఎవరు చేశారని వెతికితే నాలుక మీద చివరగా గుర్తున్న రుచి దొరుకుతుంది. దొంగ పారిపోతే దారినపోయేవాడిని పట్టుకున్నట్టు, ఆ రుచిని పట్టుకుంటుంది.

పిల్లలకు పెట్టిన ఐస్‌క్రీం

ఎలుకలకు జరిగినది మనుషులకూ జరుగుతుందా? 1978లో ఇలీన్ బెర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు అమెరికాలోని సియాటిల్‌లో, క్యాన్సర్‌కు మందులతో చికిత్స పొందే పిల్లల మీద ఇది పరిశీలించింది. అవి కిరణాలు కావు, కిమోథెరపీ మందులు. అయితే కడుపును తిప్పే విషయంలో రెండూ ఒకటే. పిల్లలు అంతకుముందు ఎన్నడూ తినని రుచిగల ఐస్‌క్రీంను చికిత్సకు ముందు కొంతమందికి పెట్టారు. కొన్ని వారాల తర్వాత అదే ఐస్‌క్రీం కావాలా, ఆట ఆడుకుంటారా అని అడిగారు. కడుపు తిప్పే మందుకు ముందు ఐస్‌క్రీం తిన్న పిల్లల్లో 21 శాతం మందే దానిని కోరుకున్నారు. పోలిక కోసం తీసుకున్న మిగతా రెండు గుంపుల్లో 67 శాతం, 73 శాతం మంది కోరుకున్నారు. వికారం మందు వలన వచ్చిందని తెలిసినా వెగటు ఆగదని కూడా ఇలాంటి పరిశీలనల్లో తేలింది. కిరణ చికిత్స పొందే పెద్దవాళ్ళలోనూ ఈ వెగటు కనిపిస్తుందని 1980లలో వచ్చిన అధ్యయనాలు చెప్పాయి.

ఇంకో రెండు సంగతులు మనకు ముఖ్యం. ఒకటి: కొత్త రుచి మీద వెగటు తొందరగా పడుతుంది. ఎన్నో ఏళ్ళుగా ఏ ఇబ్బందీ లేకుండా తింటున్న అన్నం వంటి వాటిని శరీరం అంత తేలికగా అనుమానించదు. రెండు: మాంసం, గుడ్డు వంటి ఘాటైన వాసనగల బలమైన ఆహారం మీద వెగటు ఎక్కువగా కుదురుకుంటుంది.

మళ్ళీ ఎల్.బి.నగర్‌కు

ఇప్పుడు ఆ ఇంటికి తిరిగి వెళదాం. కోడలు ఎంతో ప్రేమతో వండిన నాటుకోడి కూర సరిగ్గా చికిత్సకు ముందు అత్త నోటికి చేరింది. గంటా రెండు గంటల్లో వికారం వచ్చింది. ఒక రోజు కాదు, వారం వారమంతా. శరీరం తన లెక్క తాను వేసుకుంది. పక్కింటి ఇడ్లీ సాయంత్రం వచ్చింది. అప్పటికి కడుపు కుదుటపడింది. కనుక ఇడ్లీ మీద నింద పడలేదు. పక్కింటివాళ్ళ చేతివంట గొప్పదీ కాదు, కోడలి చేతివంట తక్కువదీ కాదు. కోడలి కూర మంచిదే, దానిని తినిపించిన వేళే మంచిది కాలేదు.

మన ప్రేమే మనకు అడ్డం వచ్చే సందర్భం ఇది. రోగికి ఏది ఇష్టమో అది చికిత్స రోజున పెట్టాలనిపిస్తుంది. బలం రావాలని ఖర్జూరాలు, రాగి జావ, డబ్బాలో వచ్చే ప్రోటీను పొడి, అన్నీ కొత్తగా అదే వారంలో మొదలుపెడతాం. చూడవచ్చిన బంధువులు తలా ఒకటి తెస్తారు. చికిత్స ముగిసే నాటికి అవన్నీ వెగటు జాబితాలోకి చేరతాయి. బలం అవసరమైన రోజున బలాన్నిచ్చే ఆహారం ఒక్కటీ నోటికి పోదు. కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్ళూ, అంటే 2021-22లో అది బాటసింగారానికి తరలిపోయేదాకా, వేసవిలో ఆ వీధి వీధంతా మామిడిపండ్ల వాసన వచ్చేది. అటువంటి వాసన కూడా ఒక చెడ్డ మధ్యాహ్నంతో ముడిపడితే ఏళ్ళ తరబడి బాధించగలదు.

మనం చేయగలిగినవి

1. ఇష్టమైనవాటిని దాచిపెట్టండి. చికిత్సకు ముందు రెండు గంటల్లోనూ, తర్వాత వికారం తగ్గేదాకానూ రోగికి ఎంతో ఇష్టమైన వంటలు పెట్టవద్దు. వాటిని శనివారం, ఆదివారం కోసం, లేదా కడుపు కుదుటపడే పూట కోసం ఉంచండి.

2. చికిత్సకు ముందు తినవలసి వస్తే తేలికైనవి, పాతవి పెట్టండి. పెరుగన్నం, ఇడ్లీ, చారన్నం, బిస్కెట్ వంటివి, కొద్దిగా. కొత్త బలవర్ధక ఆహారాలను చికిత్స లేని రోజున మొదలుపెట్టండి.

3. నిందను మోయడానికి ఇంకొక రుచిని ముందుంచండి. 1987లో బ్రోబర్గ్, బెర్న్‌స్టీన్ ఒక ఉపాయం పరీక్షించారు. పిల్లలు భోజనం చేశాక, మందు ఎక్కించేముందు, ఘాటైన కొత్త రుచిగల చప్పరించే బిళ్ళ ఇచ్చారు. వెగటు ఆ బిళ్ళ మీద పడింది, భోజనం బయటపడింది. తర్వాత ఆ భోజనాన్ని తిరిగి తిన్న పిల్లల సంఖ్య దాదాపు రెట్టింపయింది. ఆ బిళ్ళకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మనకు తెలిసినదే. లేవీయకాండము 16వ అధ్యాయంలో ప్రజల పాపాలన్నీ తలమీద మోపుకుని ఎడారిలోకి పోయే మేక పేరు అది. రోగి మామూలుగా తినని ఏదైనా అల్లం బిళ్ళో, పిప్పరమెంటో ఈ పనికి చాలు. మళ్ళీ ఎన్నడూ తినకపోయినా నష్టం లేని రుచి అయి ఉండాలి. మధుమేహం ఉన్నవారూ, నోటి పుండ్లు ఉన్నవారూ ముందు డాక్టరును అడగాలి.

4. వికారాన్ని ఓర్చుకోమనవద్దు. వికారం తగ్గితే వెగటూ తగ్గుతుంది. ఆండాన్‌సెట్రాన్ వంటి మందులు సెరటోనిన్ కబురును అడ్డుకుంటాయి. ఇవి 1990ల నుంచి వాడుకలో ఉన్నాయి. డాక్టరు చెప్పిన వేళకు, చాలావరకు చికిత్సకు ముందే, వేసుకోవాలి. వాంతి అయ్యాక వేసుకుందాంలే అని ఆగితే మేలు తగ్గిపోతుంది. వికారం ఉందని డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడవద్దు.

5. వాసన తగ్గించండి. వేడి వేడి మసాలా కూర వాసన ముందే కడుపును తిప్పుతుంది. చల్లారిన ఆహారానికి వాసన తక్కువ. పోపు పెట్టేటప్పుడు రోగిని గాలి వచ్చే చోట కూర్చోబెట్టండి.

6. బలవంతం చేయవద్దు. "నా కోసం ఒక్క ముద్ద" అన్న మాటతో వెగటు పోదు, కంటనీరు మిగులుతుంది. చికిత్స అయిపోయి, కడుపు శాంతించాక, కొన్ని వారాలకు ఆ పదార్థాన్ని కొద్దిగా, వేరే రూపంలో ముందుంచండి. తిన్నా బాధ రావడం లేదని శరీరం మళ్ళీ మళ్ళీ చూసుకుంటే వెగటు మెల్లగా సడలుతుంది. ఈలోగా ఒకటి పోతే ఇంకొకటి: కోడి పడకపోతే పప్పు, పప్పు పడకపోతే పెరుగు, గుడ్డు, పల్లీలు. బరువు తగ్గుతున్నారా లేదా అని వారానికొకసారి చూసి ఆసుపత్రిలో చెప్పండి.

రెండు జాగ్రత్తలు

అన్ని అరుచులూ నేర్చుకున్న వెగట్లు కావు. నోటికీ గొంతుకూ కిరణాలు ఇచ్చినప్పుడు నాలుక మీది రుచి మొగ్గలూ, లాలాజల గ్రంథులూ నేరుగా దెబ్బతింటాయి. అప్పుడు ఏ కూరయినా మట్టిలా ఉంటుంది, నోరు ఎండిపోతుంది, మింగితే నొప్పి. పొగాకు, గుట్కా అలవాట్ల వలన నోటి క్యాన్సర్ మన దగ్గర ఎక్కువ కనుక ఈ తేడా గుర్తించడం అవసరం. ఒకటి రెండు పదార్థాలే పడకపోతే అది వెగటు కావచ్చు. ఏదీ రుచించకపోతే, మింగలేకపోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

రెండవది, ఇదంతా చదివి కిరణ చికిత్స మీద భయం పెంచుకోవద్దు. చికిత్స ప్రాణం కాపాడటానికి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో మధ్యలో మానకుండా వారాల లెక్క పూర్తి చేయడం ఎంతో ముఖ్యం. బయటి యంత్రం నుంచి కిరణాలు తీసుకున్న మనిషి ఒంట్లో రేడియేషన్ మిగిలి ఉండదు. ఆమె పక్కన కూర్చోవచ్చు, ఆమె పళ్ళెంలో తినవచ్చు, మనవలను ఆమె ఒడిలో కూర్చోబెట్టవచ్చు.

రోగులను పరామర్శించడానికి వెళ్ళే మన విచారణ కుటుంబాలు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. చేతిలో డబ్బాతో వెళ్ళేముందు "ఏ రోజు, ఏ పూట తీసుకురమ్మంటారు?" అని అడగడం మంచిది. ఆమె తినకపోతే నొచ్చుకోవద్దు. కాసేపు కూర్చుని మాట్లాడి రండి. ఆ ఇంటి కోడలు కనిపిస్తే, "నీ వంటలో లోపం లేదమ్మా" అని చెప్పండి. ఆమెకు ఆ మాట ఇంకెవరూ చెప్పి ఉండరు.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. జబ్బు చేసిన రోజున తిన్నందువలన మీకు వెగటు పుట్టిన పదార్థం ఏది? అది ఎన్నాళ్ళు ఉంది? ఎలా పోయింది?

2. మన ఇంట్లో ఎవరైనా అన్నం వద్దన్నప్పుడు, దానిని వండినవారి మీద కోపంగా మనం ఎప్పుడైనా తీసుకున్నామా?

3. మన వీధిలో చికిత్స పొందుతున్నవారు ఎవరైనా ఉన్నారా? వారికి ఏ పూట భోజనం ఇస్తే మేలు? ఈ పాఠంలోని ఏ సంగతి వారి ఇంటికి చేరవేయగలం?